మత్తు డాక్టరు కులం ఎందుకు అడిగారు?

ప్రశ్న: పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ ముందు మత్తు డాక్టరు ‘మీరు వైశ్యులా?’ అని అడిగారు. అవునన్నాక ఒక రక్తపరీక్ష రాశారు. ఆస్పత్రిలో కులంతో పనేమిటి? మా మూలాలు పెనుగొండవని పెద్దలంటారు. ఆ సంగతీ ఇలాంటి పరీక్షలో తేలుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మత్తు డాక్టరుగా ఆ ప్రశ్న నేనూ ముప్పై ఏళ్లు అడిగానమ్మా, ప్రతిసారీ మొహమాటపడుతూనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కిరాణా వ్యాపారికి హెర్నియా ఆపరేషన్. గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇచ్చాను. ఐదు పది నిమిషాల్లో దిగిపోవలసిన మందు. ఆయనకు నాలుగు గంటలు దిగలేదు. నేనూ నర్సూ వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించాం. నా వేళ్లు మర్నాటిదాకా ముడుచుకోలేదు.

ఆ మందును విరిచే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆయనలో లేదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువే వస్తే ఇలా జరుగుతుంది. మామూలు రోజుల్లో ఏ తేడా తెలియదు. వైశ్యుల్లో ఈ లోపం ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ.

ఇక మూలాల సంగతి. జన్యుపదార్థం పట్టుచీర అనుకోండి. ప్రతి తరంలోనూ దాన్ని కత్తిరించి, మరో చీర ముక్కలతో కలిపి కుడతారు. ఒక చోట పసుపు మరక ఉంది. ఎందరి దగ్గరో ఆ మరక చుట్టూ ఒకే నేత కనిపిస్తే ఆ ముక్కలన్నీ ఒకే చీరవి. మిగిలిన ముక్క ఎంత చిన్నదైతే అన్ని తరాలు కత్తెర పడినట్టు. 2006లో కోయంబత్తూరు వైశ్యుల్లో గుర్తించిన మరక ఇదే: ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు ప్రొలీన్ అనే మరొకటి. తమిళదేశంలో స్థిరపడినా ఇంట్లో తెలుగే మాట్లాడే కోమట్లు ఎందరో అక్కడున్నారు.

2009లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికా శాస్త్రవేత్తలు ఒక్క మరకను కాదు, చీరంతా పరిశీలించారు. వైశ్యులు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించారనీ, అది జరిగి వంద తరాలు దాటిందనీ తేల్చారు. అంటే రెండు వేల ఏళ్ల పైమాటే. అన్ని తరాలూ బయటి సంబంధాలు దాదాపు చేసుకోలేదన్నమాట! పెనుగొండలో జరిగిందని చెప్పే వాసవీమాత గాథను సాధారణంగా పది, పదకొండు శతాబ్దాలతో ముడిపెడతారు. కనుక ఈ విస్తరణ ఆ గాథకంటే పాతది. ఊరి పేరు మాత్రం జన్యువుల్లో ఉండదు. పెనుగొండను మీ పెద్దల మాట మీదే నమ్మాలి.

పరీక్షలో ఎంజైము మరీ తక్కువగా వస్తే ఆ కాగితం జాగ్రత్త చేయండి. మీ తోబుట్టువులకూ పరీక్ష చేయించండి. ఒక్కొక్కరికీ కనీసం నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.