ఉపవాసం ఉన్నా దేవుడు దూరంగానే ఉన్నట్టుంటే

లోపం మీ ఉపవాసంలో లేదండీ. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థిస్తున్నా జవాబు లేదని నాకు పేజీడు ఉత్తరం రాసి, అసలు సంగతి చివర్లో ఒక్క ముక్కలో దాటేశారు: "పొలం గట్టు రాయి కాస్త అన్నయ్య వైపు జరిపాను, ఆయనతో రెండేళ్లుగా మాటల్లేవు." అడ్డు అక్కడుంది.

మత్తయి 5:23, 24 మళ్లీ చదవండి. "నాకు అన్నయ్య మీద కోపం లేదు" అని చాలామంది సరిపెట్టుకుంటారు. అక్కడ ప్రశ్న మీ కోపం గురించి కాదు. మీ మీద మీ అన్నయ్యకేమైనా ఉందా అన్నది. ఉంటే కానుక బలిపీఠం దగ్గరే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు యేసు. జనం ఆ మాట విన్నది గలిలయలో. బలిపీఠమేమో యెరూషలేములో, రోజుల తరబడి నడక! మీ అన్నయ్యది పక్క వీధేగా.

1. ముందు దేవుని దగ్గర ఉన్నదున్నట్టు ఒప్పుకోండి. "నా పాపాలన్నీ క్షమించు" అని గంపగుత్తగా కాదు, "గట్టు రాయి జరిపాను" అని.

2. అన్నయ్య ఇంటికి వెళ్లండి, ఒంటరిగా. వాట్సాప్ వద్దు. పాస్టరు గారిని వెంటబెట్టుకుపోతే అది పంచాయితీ అవుతుంది.

3. "తప్పు నాదే అన్నయ్యా" దగ్గర ఆగిపోండి. "కానీ నువ్వు కూడా..." అన్నారా, మళ్లీ మొదటికే.

4. రాయిని పాత చోటికి జరపండి. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8), మీది జానెడే.

అన్నయ్య తలుపు తీయకపోతే? రోమా 12:18 సమాధానంగా ఉండమని అడిగేది మీ చేతనైనంత వరకే. వచ్చి మోకాళ్లూనండి.