ఆ రెండేళ్లు దాచాల్సినవి కావు

ప్రశ్న: మాది విడవలూరు మండలంలో ఒక పల్లె. 2023లో నెల్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాను. ఆ ఏడాదే అమ్మకు వెన్నుపూస ఆపరేషన్ కావడంతో రెండేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. నాయన కౌలుకు తీసుకున్న రొయ్యల గుంటల పని చూసుకుంటూ అమ్మకు తోడుగా ఉన్నాను. ఇప్పుడు రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ వాళ్లు ల్యాబ్ ట్రైనీ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. పది రోజులే టైముంది. ఇంతవరకు ఒక్క ఇంటర్వ్యూకీ వెళ్లలేదు. ఇంగ్లీషులో మాట్లాడాలంటే గొంతు పట్టేస్తుంది. రెండేళ్లు ఏం చేశావని అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. తెలిసిన ల్యాబులో పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇప్పిస్తానని మామయ్య అంటున్నాడు. నాయన కూడా అదే మంచిదంటున్నాడు. అమ్మేమో తనవల్లే నా చదువు పాడైందని ఏడుస్తోంది. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మాయీ, ముందు ఆ సర్టిఫికెట్ సంగతి. అది తీసుకోవద్దు. మీ మామయ్య చెడ్డ ఉద్దేశంతో అనలేదు, మేనకోడలు ఎలాగైనా నిలబడాలన్న ఆత్రం అది. కానీ నీ ఎదురుగా కూర్చునేవాళ్లలో ఒక్కరైనా ల్యాబులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లుంటారు. ‘అక్కడ రోజుకి ఎన్ని శాంపిళ్లు చూసేవాళ్లు? ఏ మెషీను మీద చేశావు? రిపోర్టు మీద సంతకం ఎవరిది?’ అని వరసగా అడుగుతారు. మూడో ప్రశ్నకల్లా నీ ముఖమే చెప్పేస్తుంది. ఆ రోజుకి గట్టెక్కినా, చేరాక విచారణలో బయటపడితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది.

దానికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటుంది. ఆ దొంగ అనుభవం నీ అసలు అనుభవాన్ని కప్పేస్తుంది. ‘గుంటల పని చూసుకుంటూ’ అని ఒక్క ముక్కలో దాటేశావు. నేను అక్కడే ఆగిపోయాను.

ఒక నోటుబుక్కు తీసుకో. ఆ రెండేళ్లలో నీ చేత్తో చేసిన పనులన్నీ రాయి. రోజూ మేత లెక్క రాసింది నువ్వేనా? రొయ్యలు ఎంత తిన్నాయో చూడటానికి గుంటలో దించే చెక్ ట్రేలో మేత మిగిలితే తర్వాతి పూట తగ్గించమని చెప్పింది నువ్వేనా? నీళ్ల పీహెచ్ చూశావా? రొయ్యలు పట్టే రోజు కౌంటు తీశావా? కిలోకి వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, అంటే ఒక్కోటి పది గ్రాములని నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. నీతోపాటు ఇంటర్వ్యూకి వచ్చే పట్నం పిల్లల్లో ఎంతమందికి ఆ మాట తెలిసుంటుంది? చేసినవే రాయి, చేయనిది ఒక్కటీ చేర్చకు.

రాసినవాటిలో ఒకటి రెండింటిని నీ కెమిస్ట్రీతో ముడిపెట్టు. తెల్లవారుజామున నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా మీ నాయన ఎందుకు కాపలా కాస్తాడు? పగలు ఎండకి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే ఆ నాచు, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ కలిసి దాన్ని వాడేస్తాయి. తెల్లవారేసరికి ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ ఆక్సిజన్‌ని కొలవడానికే వింక్లర్ పద్ధతి ఉంది. కాలేజీలో ఆ ప్రాక్టికల్ చేసి ఉంటే అదీ చెప్పు. గుంట గట్టు మీద చూసినదాన్ని, టెస్ట్‌ట్యూబులో చదివినదాన్ని కలిపి చెప్పే అమ్మాయిని ఏ ల్యాబ్ మేనేజరూ తేలిగ్గా తీసుకోడు.

తర్వాత ఆ కంపెనీ వైపు నుంచి ఆలోచించు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందులు రొయ్యల సాగులో నిషేధం. కొనే దేశాల్లో వాటి అవశేషాలు బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది. అందుకే అక్కడ ల్యాబుకి అంత విలువ. సాల్మొనెల్లా, ఈ-కోలై లాంటి బ్యాక్టీరియా ఉందేమోనని ఎందుకు చూస్తారు, గడ్డకట్టించిన సరుకుని మైనస్ 18 డిగ్రీల దగ్గర ఎందుకు ఉంచుతారు, హెచ్‌ఏసీసీపీ అనే ఆహార భద్రత పద్ధతి ఏమిటి అన్నవి చదువుకో. పీహెచ్ మీటరుని బఫర్‌తో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో, ఎలా సరిచూస్తారో, టైట్రేషన్ లెక్కలు ఎలా చేస్తారో పాత రికార్డు తీసి చూడు. పది రోజులకి ఇంతే చాలు, డిగ్రీ సిలబస్ అంతా తిరగేయడానికి కూర్చోకు.

నా సంగతి ఒకటి చెప్తాను. ఒంగోలులో ఒక స్కూలుకి నేను మొదటిసారి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు, డిగ్రీ తర్వాత మూడేళ్లు ఏం చేశావని అడిగారు. ‘ఖాళీగా ఉన్నానండీ’ అన్నాను. ఆ మూడేళ్లూ మా వీధి పిల్లలకి రోజూ సాయంత్రం లెక్కలు చెప్పాను. జీతం లేని పనిని పని అనకూడదేమో అనుకున్నాను. ఆ ఉద్యోగం రాలేదు. అందుకే నీ ఉత్తరం చదివి కలవరపడ్డాను.

ఇంగ్లీషుకి వద్దాం. యూట్యూబులో చూసి ‘మైసెల్ఫ్’ అంటూ మొదలయ్యే పాఠం బట్టీ పట్టకు. మధ్యలో ఒక్క మాట మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది. నీ ఊరు, చదువు, గుంటల పని, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి అన్న నాలుగు సంగతులు చిన్న చిన్న వాక్యాల్లో నీకొచ్చిన ఇంగ్లీషులోనే రాసుకో. మనసులో చదువుకుంటే లాభం లేదు, గట్టిగా పలకాలి. ఫోనులో రికార్డు చేసి విను. మొదటి రెండు రోజులు నీ గొంతు నీకే నచ్చదు. అయిదో రోజుకి మారుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడుగు. మాట బొత్తిగా కూడకపోతే ‘తెలుగులో చెప్పొచ్చా సర్’ అను. ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను గానీ, మౌనంగా కూర్చోవడం కంటే అది నయం. తెలియనిదాన్ని తెలియదనే చెప్పు. ల్యాబులో ఊహించి రిపోర్టు రాసేవాళ్లు ప్రమాదం, ఆ సంగతి వాళ్లకీ తెలుసు.

ఆడపిల్లవి కాబట్టి ‘పెళ్లెప్పుడు’ అని అడిగినా అడగవచ్చు. కోపం తెచ్చుకోకు, సంజాయిషీ కూడా ఇవ్వకు. ‘ఈ పని నేర్చుకుని నిలబడాలని వచ్చాను సర్’ అని ఆపెయ్. చివర్లో నువ్వూ అడుగు: నైట్ షిఫ్టులు ఉంటాయా, ఉంటే కంపెనీ బస్సు మీ దారిలో వస్తుందా, ట్రైనింగ్ ఎన్ని నెలలు, ఆ నెలల్లో జీతమెంత? మీ మామయ్య సాయం చేస్తానంటే ఈ వివరాలే ముందుగా కనుక్కోమను.

టెన్త్ మెమోలో, ఆధార్‌లో నీ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూడు. చాలామందికి చివరి నిమిషంలో అక్కడే చిక్కు పడుతుంది. ఒరిజినల్స్ చూపించు, జిరాక్సులే ఇవ్వు. డిపాజిట్ అనో యూనిఫాం అనో ఎవరైనా డబ్బు కట్టమంటే కట్టకుండా లేచి రా. ఒకసారి వేసుకుని అలవాటైన చుడీదారే వేసుకో. కోవూరు దాటాక పెన్నా వంతెన మీద బండ్లు ఆగిపోతే నీ చేతుల్లో ఏమీ ఉండదు, గంట ముందు బస్సెక్కు. నాయన తోడు వస్తే రానీ, గేటు దగ్గరే ఉండమను.

ఇక అమ్మ. నీకు నిద్ర పట్టకపోవడానికి ఇంటర్వ్యూ ఒక్కటే కారణం కాదనిపిస్తోంది. ఆమె ఏడుపు చూస్తూ నువ్వు కూడా ఆ రెండేళ్లని నష్టం కింద రాసుకున్నావు. ‘రెండేళ్లు ఏం చేశావు’ అన్న ప్రశ్నకి నీ జవాబు తయారయ్యాక, మొట్టమొదట ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పు. తెలుగులోనే చెప్పు. అమ్మకు ఆపరేషనైంది, నేను చూసుకున్నాను, గుంటల లెక్కలు నేనే రాశాను, ఇప్పుడు అమ్మ లేచి నడుస్తోంది, నేను పనికి వచ్చాను అని. అది ఆమె వినాలి.