సైన్స్ పాలసీ చదవాలనుకుంటే ముందు స్టోర్స్ సెక్షన్‌కి వెళ్లండి

ప్రశ్న: మనలాంటి వర్ధమాన దేశాల్లో పరిశోధన ఎలా సాగుతుందో, ప్రభుత్వాల సైన్స్ విధానం ఏమిటో చదువుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కోర్సుల సంగతి ముందే తేల్చేస్తాను. ఢిల్లీ జేఎన్‌యూలో దీనికోసమే ఒక సెంటర్ ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ పాలసీ రీసెర్చ్ సెంటర్ ఉంది. ఎక్కడ చేరినా మొదట 1958 నాటి సైంటిఫిక్ పాలసీ రిజల్యూషన్ చదివిస్తారు. నెహ్రూ గారి కాలం నాటిది, చదవడానికి చాలా బాగుంటుంది. కానీ నన్నడిగితే, మీరు మొదలుపెట్టాల్సింది ఏదైనా యూనివర్సిటీలో, వచ్చిన సరుకు లెక్క రాసుకునే స్టోర్స్ సెక్షన్‌లో.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా ల్యాబ్‌కి క్లోనింగ్ పని కోసం విదేశం నుంచి కాంపిటెంట్ సెల్స్ (బయటి డీఎన్‌ఏని లోపలికి తీసుకునేలా తయారు చేసిన బ్యాక్టీరియా) తెప్పించాం. మైనస్ 80 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు. డ్రై ఐస్‌లో పెట్టి పంపారు, శంషాబాద్ కార్గోకి చేరింది. అసలే మే నెల. దిగుమతి మా సంస్థ పేరు మీద కాబట్టి సుంకం రాయితీ సర్టిఫికెట్ కావాలి. దాని మీద సంతకం పెట్టాల్సిన అధికారి టూర్‌లో ఉన్నారు. ఆయన వచ్చేసరికి రెండో శనివారం, ఆ మర్నాడు ఆదివారం. చివరికి పెట్టె ల్యాబ్‌కి వచ్చాక మూత తీస్తే డ్రై ఐస్ పలుకు కూడా లేదు. థర్మోకోల్ అడుగున చెమ్మ, ట్యూబుల మీద ఊడి వస్తున్న లేబుళ్లు. సెల్స్ కరిగిపోయి, గోరువెచ్చగా ఉన్నాయి.

అసలు కథ ఆ తర్వాతది. స్టోర్స్ సూపరింటెండెంట్ గారు స్టాక్ రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టారు. అందులో "మంచి స్థితిలో అందినది" అని రబ్బరు స్టాంపు ముందే వేసి ఉంది. పాడైపోయిందండీ అంటే, "పెట్టె వచ్చిందా లేదా అమ్మా? వచ్చింది కదా! లోపల ఏముందో మాకేం తెలుస్తుంది? మీరు సంతకం పెట్టకపోతే బిల్లు ఆగుతుంది, బిల్లు ఆగితే మార్చి లెక్కల్లో మళ్లీ మిమ్మల్నే పిలుస్తారు" అన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు, టీ కూడా ఇప్పించాడు. ఆయన కొలువులో సెల్స్ బతకడం, చావడం అనే కాలమ్ లేదు, అంతే. మళ్లీ ఇండెంట్ (ఫలానాది కొనిపెట్టమని ఇచ్చే చీటీ) పెడితే ఆడిట్ నుంచి కొర్రీ: ఇదే వస్తువు ఇదే ఏడాది రెండోసారి ఎందుకు?

మన దేశంలో పరిశోధనకు డబ్బు లేదంటారు. నిజమే, జీడీపీలో 0.64 శాతం దగ్గర ఉన్నాం. 2 శాతం చేస్తామని 2003 విధానంలో రాశారు, 2013 విధానంలో మళ్లీ రాశారు. కానీ అసలు రోగం డబ్బు తక్కువ కావడం కాదు, వేళకి రాకపోవడం. ఇందులో నాకు రవ్వంత అనుమానం లేదు. గ్రాంటు ఆలస్యంగా వస్తుంది, మార్చి 31లోపు ఖర్చు పెట్టమంటారు. ఏ ల్యాబ్‌కైనా ఫిబ్రవరి, మార్చిల్లో వెళ్లి చూడండి, అవసరం లేని ప్రింటర్లు, యూపీఎస్‌లు దిగుతుంటాయి. కావాల్సిన కెమికల్ మాత్రం ఉండదు. ఫెలోషిప్ సంగతి సరేసరి. పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే జేఆర్ఎఫ్‌ని 2023లో నెలకి 37,000 చేశారు, సంతోషం. ఆ నెల డబ్బు ఆ నెలే పడితే ఇంకా సంతోషం. ఇంటి ఓనరుకి, గ్రాంటు ఖర్చుల లెక్క చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ చూపిస్తే ఊరుకోడు కదా.

బ్రెజిల్‌ని చూడండి. సావో పాలో రాష్ట్రంలో ఫపెస్ప్ అని పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ ఉంది, 1962 నుంచి పనిచేస్తోంది. రాష్ట్ర పన్నుల రాబడిలో 1 శాతం దానికి ఇచ్చి తీరాలని 1989లో రాష్ట్ర రాజ్యాంగంలోనే రాసుకున్నారు. అదీ నెల నెలా. ఆఫీసు ఖర్చు 5 శాతం దాటకూడదని కట్టడి కూడా. మనకంటే వాళ్లేమీ పెద్ద షావుకార్లు కాదు.

మన దగ్గర విధానాలు ఎలా తయారవుతాయో తెలియాలంటే 2024 జూలై బడ్జెట్ తీసి చూడండి. ల్యాబ్ కెమికల్స్ మీద కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150కి పెంచారు. శాస్త్రవేత్తలు గోల పెడితే కొద్ది రోజుల్లోనే పరిశోధనలకు వాడేవాటికి మళ్లీ 10కి దించారు. రాసేముందు ఒక్క ల్యాబ్‌కైనా ఫోన్ చేసి అడిగారా అని నా డౌటు. 2025 జూన్‌లో మాత్రం మంచి పని జరిగింది. శాస్త్ర సంస్థల అధిపతులు ప్రభుత్వ కొనుగోళ్ల వెబ్‌సైటు జెమ్ పోర్టల్ బయట కూడా కొనుక్కోవచ్చన్నారు, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకి పెంచారు. అంతకుముందు లీకయ్యే పిపెట్ టిప్స్‌ని (ద్రవాలు కొలిచి తీసే గొట్టాల మొనలు) ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర, పేరుతో భరించిన వాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

కాబట్టి పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కుంటుంటే, ఒక ప్రభుత్వ యూనివర్సిటీ కొనుగోలు ఫైళ్లు పట్టుకోండి. ఇండెంట్ పెట్టిన తేదీ, వస్తువు ల్యాబ్‌లోకి వచ్చిన తేదీ, మధ్యలో ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుంది, ఇవి రాసుకోండి. ఫైళ్లివ్వమంటే ఆర్‌టీఐ వేయండి. స్టోర్స్ వాళ్ల దగ్గరికి మాత్రం నాలుగింటికి, టీ టైముకి వెళ్లండి. పొద్దున వెళ్తే ఎవరూ నోరు విప్పరు.