సికింద్రాబాద్ సదస్సుకు ఒక్క పిల్లాడి ఫైలు పట్టుకుని వెళ్లండి

మేడం, మీరు శ్రీకాకుళం జిల్లాలో భవిత కేంద్రం, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిపే కేంద్రం, చూస్తున్నారు. సికింద్రాబాద్‌లో ప్రత్యేక విద్య టీచర్లకు రెండు రోజుల సదస్సు ఉందని, సొంత డబ్బులు పెట్టుకుని వెళ్తే సీఆర్ఈ పాయింట్లు (మన రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు కావలసిన శిక్షణ పాయింట్లు) తప్ప ఇంకేమైనా ఒరుగుతుందా అని అడిగారు. ఒరుగుతుంది. తప్పకుండా వెళ్లండి. నేనూ విజయనగరం జిల్లాలో ఇదే ఉద్యోగంలో ఉన్నాను, అలాంటి సదస్సులో నేర్చుకున్నది మా పిల్లల దగ్గర నిజంగా పనికొచ్చింది.

మనం చదువుకున్నది ఒక్క వైకల్యం గురించి. నాది వినికిడి లోపం. కేంద్రం తలుపు తీస్తే మాత్రం సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, అందరూ వస్తారు. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టం వచ్చాక 21 అయ్యాయి. డిప్లొమాలో ఎక్కడా చదవని సమస్యతో పిల్లాడు ఎదురుగా కూర్చుంటే మండలంలో ఎవరిని అడుగుతాం? అందరూ మననే అడుగుతారు. మనకు అడిగే చోటు కావాలి, అది ఈ సదస్సులే.

కాబట్టి ఊరికే వినడానికి వెళ్లొద్దు. మిమ్మల్ని ఎక్కువ తిప్పలు పెడుతున్న ఒక్క పిల్లాడిని ఎంచుకుని వాడి ఐఈపీ (వాడొక్కడి కోసం రాసుకున్న బోధన ప్రణాళిక), ఎఫ్ఏసీపీ చెక్‌లిస్టు (వాడు ఏ పనులు చేయగలడో చూసి రాసే పట్టిక) జిరాక్సు తీసుకెళ్లండి. తల్లిదండ్రులు ఒప్పుకుంటే రెండు నిమిషాల వీడియో ఫోన్‌లో ఉంచుకోండి.

నేను బొబ్బిలి వైపు పల్లెలోని ఒక బాబు ఫైలు తీసుకెళ్లాను. ఆటిజం, మాటలు లేవు. మధ్యాహ్న భోజనం దగ్గర పక్కపిల్లల కంచంలోంచి గుడ్డు లాక్కునేవాడు. "మా గుంటడికి ఆకలెక్కువండి" అనేది తల్లి. భోజనానికి ముందే వాడిని ఇంటికి పంపేద్దామన్న మాట కూడా బడిలో వచ్చింది. ఆ సదస్సులో మాటలు రాని పిల్లలు బొమ్మ కార్డు ఇచ్చి కావలసింది అడిగే పద్ధతి, అదే పెక్స్, చేసి చూపించారు. పేరు మనలో చాలామందికి తెలుసు. కానీ చూస్తేనే అర్థమయ్యే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటి దశలో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు వాడికి ఇష్టమైనది పట్టుకుని ఎదురుగా కూర్చుంటారు, రెండోవారు వాడి వెనకాల ఉంటారు. వాడు గుడ్డు కోసం చెయ్యి చాపగానే వెనకున్నవారు ఆ చేత్తో బొమ్మ తీయించి ఎదుటివారి అరచేతిలో పెట్టిస్తారు. వెనకున్నవారు నోరు విప్పకూడదు. ఎదుటివారు కూడా "ఏం కావాలి నాన్నా?" అని అడగకూడదు. బొమ్మ చేతిలో పడ్డాకే "గుడ్డు!" అని చెప్పి వెంటనే ఇచ్చేయాలి. మనం ముందే అడిగితే, ఎవరైనా అడిగేదాకా వాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఈ ఒక్క ముక్క కోసం ఛార్జీలు ఎన్ని పెట్టుకున్నా దండగ కాదు.

తిరిగొచ్చాక మా ఆయమ్మకు చెప్పి ఆవిడను వెనక కూర్చోబెట్టాను. ఎంతో ఒడుపుగా చేసింది. ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు వాడలేదు. మా బడి స్టీలు కంచంలో పెంకు తీసిన గుడ్డు పెట్టి ఫోటో తీసి లామినేషన్ చేయించాను. గుడ్డు మొత్తం ఒకేసారి ఇచ్చేస్తే సాధన అక్కడితో సరి, అందుకని వాడి గుడ్డునే చిన్న ముక్కలు చేసి, బొమ్మ ఇచ్చినప్పుడల్లా ఒక్కో ముక్క ఇచ్చాం. చిక్కీతోనూ అంతే. వారాలు పట్టింది. తర్వాత వాడే లేచి వెళ్లి వంటావిడ చేతిలో బొమ్మ పెట్టడం మొదలుపెట్టాడు. ఇంటికి పంపేద్దామన్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఒక హెచ్చరిక. అక్కడ చూపించేవాటిలో చాలావరకు సిటీ స్పెషల్ స్కూళ్లకు సరిపోయేవే. అక్కడ పిల్లలు రోజూ వస్తారు, థెరపిస్టులు పక్కనే ఉంటారు. అందుకే మొహమాటపడకుండా లేచి, "ఒక్క టీచరే ఉండి, పిల్లాడు వారానికి రెండు రోజులే వస్తే దీన్ని ఎలా చేయాలి?" అని అడగండి. అనుభవం ఉన్నవాళ్లు ఆగి ఆలోచించి జవాబు చెప్తారు. వేదిక మీది ప్రసంగాలకంటే చేసి చూపించే సెషన్లకే పేరు రాయించుకోండి. భోజనాల దగ్గర మన జిల్లా వాళ్లతో కాకుండా స్పీచ్ థెరపిస్టులు, ఫిజియోల పక్కన కూర్చోండి. నాకు సగం సందేహాలు అక్కడే తీరాయి.

వీలైతే ఒక పూట ఎక్కువ ఉండి మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ, అంటే మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ, చూసి రండి. 1984లో ఎన్ఐఎంహెచ్ పేరుతో మొదలైన సంస్థ. మనం వాడే ఎఫ్ఏసీపీ తయారైంది అక్కడే.

ఇక మామూలు సంగతులు. ఆ సదస్సుకు ఆర్‌సీఐ (మనకు రిజిస్ట్రేషన్ ఇచ్చే భారత పునరావాస మండలి) సీఆర్ఈ అనుమతి ఉందో లేదో డబ్బు కట్టే ముందే చూసుకోండి. ఆన్ డ్యూటీ కోసం ఎంఈవో గారికి ముందుగానే లెటర్ పెట్టండి. విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు ఆమదాలవలస నుంచి రిజర్వేషన్ ఆఖరి నిమిషంలో దొరకడం కష్టం.

వచ్చాక అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక పద్ధతి, ఒక పిల్లాడు చాలు. "చేస్తాడు, చేయడు" అని రాసి వదిలేయకుండా, చెయ్యి పట్టి చేయిస్తే చేస్తున్నాడా, మాట సాయంతో చేస్తున్నాడా అని చెక్‌లిస్టులో ఎప్పటికప్పుడు రాయండి. క్లాసు టీచరుకు స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే చోట) కాకుండా, ఆ పిల్లాడి ఎదురుగానే చేసి చూపించండి.

మీరు ఏ పిల్లాడి సమస్యతో వెళ్తున్నారో పేరు లేకుండా ఇక్కడ రాయండి. అక్కడ ఏ సెషన్ చూడాలో, ఏం అడగాలో నాకు తెలిసినంత చెప్తాను.