నాన్నగారి లెన్సులో బూజు

ప్రశ్న: మా నాన్నగారు స్టూడియో నడిపిన రోజుల్లో వాడిన సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్సు ఇరవై ఏళ్లుగా తోలు సంచిలోనే ఉండిపోయింది. టార్చి వేసి చూస్తే లోపల సాలెగూడు దారాల వంటివి కనిపిస్తున్నాయి. గాజు కూడా పసుపు రంగుకు తిరిగింది. విప్పించి శుభ్రం చేయించవచ్చా? ఎండలో పెడితే అంతా పోతుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ లెన్సుకు ఉన్నవి రెండు వేర్వేరు సమస్యలు. దారాల వంటివి బూజు. సముద్రతీరపు ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ, తోలు సంచి ఆ తేమను పీల్చుకొని పట్టి ఉంచుతుంది, పైగా లోపల చీకటి. బూజు పెరుగుతూ వదిలే ఆమ్లాలు మొదట లెన్సు లోపలి కటకం (గాజు బిళ్ల) మీది పలుచని పూతను, తరువాత గాజునూ కొరుకుతాయి. అందువల్ల శుభ్రం చేశాక లెన్సు ఎంతవరకు కోలుకుంటుందనేది ఆ బూజు ఎన్నాళ్లుగా ఉందన్నదాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. తుడిచిన చోట దారం ఆకారంలోనే సన్నని చార మిగిలితే అది ఇక పోదు. అయినా చార కొద్దిగా ఉంటే మామూలు ఫొటోల్లో తెలియదు, వెలుగుకు ఎదురుగా తీసినప్పుడే చిత్రం కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది.

తప్పకుండా చేయించండి, కానీ ఇంట్లో విప్పవద్దు. కటకాలను బిగించి ఉంచే రింగులకు రెండు చిన్న గాట్లు ఉంటాయి. వాటిలో సరిగ్గా కూర్చునే స్పానర్ లేకుండా ప్రయత్నిస్తే మొన జారి గాజు మీద గీత పడుతుంది, ఆ గీత బూజుకన్నా పెద్ద నష్టం. పని తెలిసినవారు ఒక్కో కటకం ఏ వైపు తిరిగి ఉందో, ఏ వరుసలో ఉందో గుర్తు పెట్టుకుంటూ తీస్తారు. ఫోకస్ రింగు కింది మరను విడదీయవలసి వస్తే అది ఊడివచ్చిన చోటును ముందుగా గీసి పెట్టుకుంటారు, ఎందుకంటే ఆ మర అనేక చోట్ల ఎక్కుతుంది, ఒక్క చోట ఎక్కించినప్పుడే దూరపు వస్తువులు స్పష్టంగా వస్తాయి. లెన్సు ఇచ్చే ముందు బాగుచేసేవారిని ఒక మాట అడగండి: బూజు విడి కటకాల మీద ఉందా, ఒకదానికొకటి అతికించిన కటకాల జంట మధ్యలో ఉందా? మధ్యలో ఉంటే ఆ జంటను విడదీసి మళ్లీ అతికించాలి. అది చాలా కష్టమైన పని, నా అభిప్రాయంలో ఆ ఖర్చు పెట్టకపోవడమే మేలు.

పసుపు రంగు మాత్రం మురికి కాదు, ఎంత తుడిచినా పోదు. ఏడు కటకాలున్న ఈ రకంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు వాడారు, దాని రేడియోధార్మికత వల్ల గాజే ఏళ్ల తరబడి పసుపెక్కుతుంది. మామూలు వాడకానికి భయపడనక్కరలేదు. ఎండ పనికొచ్చేది ఇక్కడే: అతినీలలోహిత కిరణాలు కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో ఈ రంగును చాలావరకు తగ్గిస్తాయి. అయితే లెన్సు ఎండను ఒకచోట చేర్చి నిప్పు పుట్టించగలదు కనుక కింద కాగితం, గుడ్డ లేకుండా చూసుకొని దగ్గరే ఉండండి. బూజు దారాలను మాత్రం ఎండ తొలగించలేదు.

శుభ్రమై వచ్చాక గాలి చొరబడని డబ్బాలో, తేమను పీల్చే సిలికా జెల్‌తో పెట్టి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడండి. నాన్నగారి తోలు సంచిని జ్ఞాపకంగా విడిగా దాచుకోండి, లెన్సును మాత్రం మళ్లీ అందులో పెట్టకండి.