పోపుల డబ్బాలో ఐదువందల నోట్లు

బాబూ,

నీ కథ రెండుసార్లు చదివాను. 2070లో హైదరాబాదు, నెత్తిమీద నిఘా డ్రోన్లు, ఒక్క మీట నొక్కి ఊరందరి డబ్బూ ఆపేసే అధికారి. కష్టపడి రాశావు, కాదనను. కానీ ఎక్కడా భయం వెయ్యలేదు. కథంతా నన్ను ఆ అధికారి గదిలోనే కూర్చోబెట్టావు. డబ్బు ఆగిపోయినవాళ్ల దగ్గరికి ఒక్కసారీ తీసుకెళ్లలేదు.

కెనడా రచయిత్రి మార్గరెట్ అట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ నవల చదివావా? 1985లో వచ్చింది. మన దేశానికి ఏటీఎం కూడా రాని రోజులవి. అందులో కథ చెప్పే ఆమె సిగరెట్లకని ఎప్పుడూ వెళ్లే కొట్టుకే వెళ్తుంది. రోజూ ఉండే ఆవిడ లేదు, ఎవరో కుర్రాడు. ఆమె ఖాతా నంబరు కొట్టి చెల్లదంటాడు. డబ్బులున్నాయి, మళ్లీ కొట్టి చూడమంటుంది. మళ్లీ అదే మాట. ఆ రోజే ఉద్యోగం కూడా పోతుంది. ఆడవాళ్ల ఖాతాలన్నీ ఆపేశారని తర్వాత స్నేహితురాలు చెబితేగాని తెలియదు. కాగితం డబ్బు అప్పటికే లేదు కనక మీటలు నొక్కితే సరిపోయింది.

నన్ను కుదిపేసింది మాత్రం కొట్టు కాదు, ఇల్లు. మొగుడు మంచివాడే. నేను చూసుకుంటాలే అంటాడు. ఇక ఆమె డబ్బు వాడగలిగేది అతనొక్కడే. ఇదేమీ అతనికి పెద్ద కష్టంగా లేదేమో అన్న అనుమానం ఆమెలో మొదలవుతుంది. మొత్తం నవలలో నాకు వెన్నులో చలి పుట్టింది అక్కడే.

ఎందుకో చెప్తాను. 2016 నవంబరు 8 రాత్రి టీవీలో నోట్ల రద్దు కబురు విని వంటింట్లోకి పరిగెత్తాను. పోపుల డబ్బా అడుగున, గిన్నెల కింద, పసుపు అంటిన ఐదువందల నోట్లు పదకొండు. మావారికి తెలియనివి. బ్యాంకులో వెయ్యాలంటే చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. “అమ్మో, ఇన్నాళ్లూ దాచావే” అని నవ్వారు. ఖాతా జాయింటుది, మెసేజీలు ఆయన ఫోనుకి. ఇప్పుడు నేనో పుస్తకం కొన్నా అక్కడ టింగుమంటుంది. సాయంత్రం “ఏం కొన్నావోయ్?” అంటారు. ప్రేమగానే.

2020 అక్టోబరులో చైనాలోని షెన్‌జెన్‌లో లాటరీ తీసి 50,000 మందికి తలా 200 యువాన్ల డిజిటల్ డబ్బు పంచారు. వారంలో, చెప్పిన కొట్లలోనే ఖర్చుపెట్టాలి. లేదంటే వెనక్కి పోతుంది. ఏ పోపుల డబ్బాలోనూ పట్టని డబ్బన్నమాట. నువ్వేమో దీనికోసం 2070 దాకా వెళ్లావు!

డ్రోన్లు తీసెయ్. నీ అధికారికో భార్య ఉంది, గుర్తుందా? మూడో పేజీలో కాఫీ ఇచ్చి వెళ్లిపోతుంది, పేరైనా పెట్టలేదు. ఈసారి ఆవిడ దగ్గర మొదలుపెట్టు. పుట్టింట్లో తమ్ముడికి ఏదో అవసరం వచ్చింది, ఆయనకి తెలియకుండా రెండువేలు పంపాలి. ఆయనేమో పక్క గదిలోనే ఉన్నాడు.

ఎలా పంపుతుంది?

ఆశీస్సులతో...