జవాబులు: దుకాణం లెక్కలు క్లౌడ్‌లో పెడితే భయం లేనట్టేనా?

ప్రశ్న: మాది జీడిపప్పు హోల్‌సేల్ వ్యాపారం. ట్యాలీ డేటా, స్కాన్ చేసిన బిల్లులు అన్నీ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ఇంకో కాపీ ఉన్న హార్డ్ డిస్క్ కూడా ఆ గదిలోనే బీరువాలో ఉంటుంది. తుపాను వస్తుందంటే చాలు, టెన్షన్. ఆబ్జెక్ట్ స్టోరేజ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఫైళ్లు దాచుకునే క్లౌడ్ గోదాములో పెట్టేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. ట్యాలీని నేరుగా అక్కడి నుంచే నడపొచ్చా? అక్కడ పెడితే ఇక పోదా?
- ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ అబ్బాయి మాట వినండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాను ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే గదిలో ఉన్న రెండు కాపీలు పోతే ఒకేసారి పోతాయి. అమెజాన్ వాళ్ల ఆబ్జెక్ట్ స్టోరేజ్ అయిన ఎస్3కి ముంబైలోనూ, 2022 నుంచి హైదరాబాద్‌లోనూ రీజియన్లు (డేటా సెంటర్లున్న ప్రాంతాలు) ఉన్నాయి, బకెట్ (మీ ఫైళ్లు పెట్టుకునే అర) తెరిచేటప్పుడు ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోండి. మీది ప్రైవేట్ లిమిటెడ్ అయితే లెక్కల బ్యాకప్ రోజూ ఇండియాలోని సర్వర్‌కి చేరాలని కంపెనీల రూల్స్‌లోనే ఉంది.

ట్యాలీని మాత్రం అక్కడి నుంచి నడపలేరు. బకెట్‌లో ఫైలు మొత్తంగా పెట్టాలి, మొత్తంగా తీసుకోవాలి, మధ్యలో ఒక ముక్క మార్చడం కుదరదు. ట్యాలీ ఏమో ఓచరు (ఒక్కో లావాదేవీ నమోదు) ఎక్కించిన ప్రతిసారీ తన ఫైళ్లలో రాస్తూనే ఉంటుంది. కాబట్టి పని కంప్యూటర్‌లోనే చేసుకుని, రాత్రి కొట్టు కట్టేసే ముందు ట్యాలీలో బ్యాకప్ తీసి ఆ ఫైలు పైకి పంపండి.

ఇక మీ రెండో ప్రశ్న, అసలు చిక్కంతా అక్కడే. ఎస్3 వాళ్లు చెప్పే 99.999999999 శాతం భద్రత వాళ్ల డిస్కులు పాడైతే మీ ఫైలు పోకుండా ఉండటానికి. గుమాస్తా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసినా, రాన్సమ్‌వేర్ (డబ్బు కోసం ఫైళ్లు తెరుచుకోకుండా చేసే వైరస్) వచ్చి ఫైళ్లకు తాళం వేసి, ఆ తాళం పడ్డ ఫైలే రాత్రి వెళ్లి మంచి కాపీ మీద కూర్చున్నా, అన్ని తొమ్మిదులూ ఎందుకూ పనికిరావు, ఎందుకంటే బకెట్ మీరు చెప్పినట్టే చేసింది! అందుకే వెర్షనింగ్ ఆన్ చేయండి, అప్పుడు కొత్త ఫైలు వచ్చినా పాత కాపీ అలాగే ఉంటుంది, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. దాంతోపాటు ఆబ్జెక్ట్ లాక్‌ని (ఫైలు చెరపకుండా వేసే తాళాన్ని) కంప్లయన్స్ మోడ్ అనే గట్టి పద్ధతిలో ఒక నెలకు పెట్టండి, ఆ నెలలోపు ఆ వెర్షన్‌ను మీరే కాదు, ఎవరూ చెరపలేరు. పాత వెర్షన్లకు కూడా అద్దె పడుతుంది కాబట్టి కొన్నాళ్లకు అవే పోయేలా బకెట్‌లో లైఫ్‌సైకిల్ రూల్ అనే సెట్టింగ్ రాసుకోండి.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కదా, ఆ పాత బిల్లులు ఎస్3లోనే అరుదుగా తీసే ఫైళ్ల కోసం ఉన్న గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో పెడితే చాలా చవక. కాకపోతే అడిగిన వెంటనే రావు, 12 గంటల దాకా పట్టొచ్చు, 180 రోజుల్లోపు తీసేసినా ఆ రోజులన్నిటికీ డబ్బు కట్టాల్సిందే.

నెలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లోకి దించి రిస్టోర్ చేయండి. ట్యాలీలో డేబుక్ (రోజువారీ లావాదేవీల జాబితా) తెరిచి చివరి ఓచరు నంబరు, పార్టీల బాకీలు ఆఫీసు లెక్కతో సరిపోయాయో లేదో చూడండి. చాలామంది చేయనిది ఇదే.

అకౌంట్ తెరిచేది మాత్రం మీ సొంత ఈమెయిల్, మీ సొంత ఫోన్ నంబరుతోనే. కంప్యూటర్ సర్వీస్ కుర్రాడి మెయిల్ మీద తెరిస్తే, రేపు అతను ఊరు మారితే మీ లెక్కల తాళం అతని దగ్గరే ఉండిపోతుంది. రోజూ ఫైలు పంపే పనికి వేరే యూజర్‌ను చేసి, ఫైలు పెట్టే అనుమతి మాత్రమే ఇవ్వండి, డిలీట్ అనుమతి వద్దు.